ధారణాభ్యాసము

వినినదానిని, చదివినదానిని, చూచినదానిని మనస్సున నిలుపుకొని, కాలాంతరమున అవసరము కలిగినపుడు చెదరనీయక వెలికి దెచ్చుకొను శక్తికి ధారణ యని పేరు. ఆ శక్తిని నియతమైన మానసిక వ్యాయామముచేతను, క్రమము తప్పని సాధనచేతను పెంపొందించుకొనుట ధారణాభ్యాసము. ఔషధములవలనను, ఆహారవిశేషములవలనను జ్ఞాపకశక్తి పెరుగునను వాదములు వేఱు. అవి ఈ వ్యాసపరిధిలోనివి కావు. ముద్రణయంత్రము రాకపూర్వము, తాళపత్రము సైతము అందఱకు అందని కాలమున, విద్య యంతయు నోటినుండి చెవికి, చెవినుండి నోటికి సాగి వచ్చినందున, ఈ అభ్యాసము భారతదేశమున ఒక ప్రత్యేకశాస్త్రమువలె వృద్ధి పొందినది. తెలుగువారిలో అది వేదపాఠశాల, వీధిబడి, అవధానసభ అను మూడు తావుల మూడు రూపులు దాల్చగా, తెలుగును తమిళమును కలిసి వినవచ్చు తిరుత్తణి, తిరువళ్ళూరు, పూండి ప్రాంతమున సంగీతము, వీధినాటకము, కొండమెట్ల పూజ అనువానియందును దాని జాడలు కానవచ్చుచున్నవి.

స్మృతి స్వరూపము

ఆధునిక మనస్తత్వశాస్త్రజ్ఞులు స్మృతిని ఒకే శక్తిగా గాక, పరస్పరసంబంధము కల పెక్కు వ్యాపారముల సముదాయముగా పరిగణింతురు. అప్పుడే వినిన ఫోను నంబరును నొక్కునంతవఱకు నిలుపునది తాత్కాలికస్మృతి. చిన్ననాటి ఎక్కములను ముదిమివఱకు నిలుపునది దీర్ఘకాలికస్మృతి. సైకిలు త్రొక్కుట, వీణ మీటుట మొదలగు పనులను కాలుసేతులకు అలవఱచునది క్రియాస్మృతి. తాత్కాలికస్మృతికి ఒక్కసారి పట్టుబడు అంశములు ఏడు, లేదా అంతకు ఒకటి రెండు అటునిటుగా ఉండునని అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జి మిల్లర్ 1956లో ప్రతిపాదించెను. తరువాతివారు ఆ సంఖ్యను నాలుగింటి వఱకు తగ్గించిరి. అయితే అంశమనునది ఒక అక్షరము కావచ్చును, ఒక మాట కావచ్చును, బాగుగ వచ్చిన పద్యములో ఒక పాదమంతయు కావచ్చును. విడి అంశములను పెద్ద మూటలుగ కట్టుట నేర్చినవానికి ఆ నాలుగు తావులలోనే ఎంతో సామగ్రి ఇముడును. ధారణాభ్యాసములన్నిటికి మూలసూత్రమిదే.

మెదడులో హిప్పోక్యాంపస్ అను భాగము క్రొత్త జ్ఞాపకముల ఏర్పాటునకు ఆవశ్యకమని 1953లో ఒక అమెరికా యువకునకు జరిగిన శస్త్రచికిత్సవలన స్పష్టమైనది. మూర్ఛవ్యాధి నివారణార్థము ఆ భాగమును తొలగింపగా, అతడు నిన్న కలిసిన మనుష్యుని నేడు గుర్తింపలేని స్థితికి వచ్చెను. అయినను అద్దములో చూచుచు బొమ్మ గీయుట వంటి చేతిపనులను దినదినాభ్యాసముతో నేర్చుకొనగలిగెను. క్రియాస్మృతి వేఱొక త్రోవ నడచుననుటకు ఇది ప్రబలమైన సాక్ష్యము. పూండి సమీపమున నున్న అత్తిరంపాక్కమున రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863లో గుర్తించిన స్థలమున లభించిన రాతి పనిముట్లలో ప్రాచీనతమములైనవానికి సుమారు 15 లక్షల సంవత్సరముల వయస్సు కలదని 2011లో ప్రకటితమైనది. ఆ చేతిగొడ్డళ్ళను చెక్కు నేర్పు తరతరములకు సంక్రమించినదనగా, గ్రంథములకు ఎంతయో పూర్వమే చూచి, చేసి, మఱల చేసి నిలుపుకొను అభ్యాసము ఈ నేలపై ఉండెనని గ్రహింపవలెను.

శాస్త్రములందలి భావన

భారతీయ దర్శనములు స్మృతిని సంస్కారజన్యముగా భావించినవి. అనుభవము మనస్సుపై ఒక సంస్కారమును మిగిల్చిపోవును. ఆ సంస్కారము ఉద్బుద్ధమైనపుడు స్మరణ కలుగును. తర్కసంగ్రహకర్తయు ఆంధ్రుడునగు అన్నంభట్టు స్మృతిని ఈ రీతినే నిర్వచించెను. గౌతముని న్యాయసూత్రములు ఇంకను ముందునకు పోయి, సంస్కారమును మేల్కొలుపు హేతువులను వరుసగా పేర్కొన్నవి. ఆ పట్టికలో మొదటివి మూడు: ప్రణిధానము, నిబంధము, అభ్యాసము. మనస్సును ఒక్కదానిపై నిలుపుట ప్రణిధానము. ఒకదానితో నొకదానిని ముడివేయుట నిబంధము. మఱల మఱల ఆవృత్తి చేయుట అభ్యాసము. ఈ మూడింటికి తరువాత చిహ్నము, సాదృశ్యము, సుఖదుఃఖములు మొదలైన హేతువులు చెప్పబడినవి. యోగశాస్త్రమున ధారణ అష్టాంగములలో ఆఱవది. అచ్చట దాని అర్థము చిత్తమును ఒక దేశమున బంధించుట. జ్ఞాపకమునకు ముందు ఏకాగ్రత యుండవలెనను విషయము రెండు శాస్త్రములకును సమ్మతము. ఈ వ్యాసమున వర్ణింపబడు పద్ధతులన్నియు, ప్రాచ్యములైనను పాశ్చాత్యములైనను, ఈ మూడు హేతువుల భిన్నభిన్న సమ్మేళనములే.

వేదపాఠము

ఒక్క అక్షరమును, ఒక్క స్వరమును జాఱనీయక వేదమును నిలుపుటకై పూర్వులు ఏర్పఱచిన పాఠభేదములు ప్రపంచమున ధారణాభ్యాసమునకు అత్యంత కఠోరమైన ఉదాహరణము. సంహితను యథాతథముగ చదువుట మొదటి మెట్టు. మాటలను విడదీసి చదువుట పదపాఠము. రెండేసి మాటలను గొలుసుకట్టుగ చదువుట క్రమపాఠము. ఈ మూటిపై జట, మాల, శిఖ, రేఖ, ధ్వజము, దండము, రథము, ఘనము అను ఎనిమిది వికృతులు కల్పింపబడినవి. జటలో మొదటి రెండు మాటలు 1-2, 2-1, 1-2 అను వరుసను వచ్చును. ఘనలో మూడు మాటలు 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 అను క్రమమున నడచును. లెక్కించి చూచినచో, మంత్రమధ్యమున నున్న ప్రతి పదమును మూడు గుంపులలో కలిసి 13 మాఱులు ఉచ్చరింపబడును. అదియును ప్రతిసారి వేఱువేఱు పొరుగు పదములతో, వేఱువేఱు సంధులతో. ఒకే మాటను ఒకే తీరున వల్లెవేయుటకంటె, దానిని ముందు వెనుకలనుండి పట్టుకొనునట్లు చేయు ఈ పద్ధతిలో పొరపాటు దాగుటకు తావుండదు.

ఘనాంతము అధ్యయనము చేసినవానిని ఘనపాఠి యందురు. బాల్యమునుండి ఏండ్ల తరబడి గురుముఖమున వినుట, చెప్పుట తప్ప దానికి దగ్గఱి దారి లేదు. వేదపఠన సంప్రదాయమును యునెస్కో 2003లో మానవజాతి మౌఖిక వారసత్వములలో శ్రేష్ఠమైనదానిగా ప్రకటించినది. 2016లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, యజుర్వేదము నేర్చిన పండితులు 21 మందిని, వారికి దీటైన ఇతరులు 21 మందిని ఎం.ఆర్.ఐ. యంత్రముతో పరీక్షింపగా, భాషకు, స్మృతికి సంబంధించిన కొన్ని భాగములలో పండితుల మెదడు పుష్టిగ నున్నట్లు తేలినది. అయితే అది సాధనకు ముందు, తరువాత పోల్చి చూచినది కాదు గనుక, పుష్టి సాధనవలననే కలిగినదని దానినిబట్టి నిశ్చయింపరాదు.

అవధానము

తెలుగువారు ధారణను ప్రదర్శనకళగా మలచి, కవిత్వముతో జోడించి అవధానమను ప్రక్రియను తీర్చిదిద్దిరి. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు ఎనిమిది రీతుల అవధానిని చికాకుపఱతురు. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన అనునవి పద్యరచనకు సంబంధించినవి. ఆశువు, పురాణపఠనము, వ్యస్తాక్షరి, అప్రస్తుతప్రసంగము సాధారణముగ వానితో చేరును. వీనికి మాఱుగా ఘంటానాదగణనము, పుష్పతాడనము, చదరంగము వంటివి పెట్టుటయు కలదు. పద్యములను ఒక్కసారి పూర్తిచేయరు. ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదము చెప్పుచు నాలుగు ఆవృత్తులు ముగించి, చివర ధారణ యను ఘట్టమున మొత్తమును మొదటినుండి అప్పగింపవలెను. సభికులు మిక్కిలి శ్రద్ధతో ఎదురుచూచు ఘట్టమదియే.

వ్యస్తాక్షరిని దగ్గఱగ పరిశీలించినచో ఆ శ్రమ బోధపడును. పృచ్ఛకుడు "పూండి చెరువు నిండుకుండ" యను తొమ్మిదక్షరముల వాక్యమును మనస్సున పెట్టుకొనెననుకొందము. సమస్యాపూరణము మధ్య "ఆఱవది నిం" అనును. కొంతసేపటికి, దత్తపది నడచుచుండగా, "మూడవది చె" అనును. అప్రస్తుతప్రసంగపు నవ్వులలో "తొమ్మిదవది డ" అనును. అవధాని ఒకవైపు పద్యపాదమును అల్లుచు, వేఱొకవైపు మనస్సులో తొమ్మిది గళ్ళు గీచికొని, వచ్చిన అక్షరమును దాని గడిలో నిలిపి, చివర వాక్యమును పూర్తిగ చదువును. గళ్ళు ముందుగ సిద్ధముగ నున్నందుననే అక్షరములు నిలుచుచున్నవి. ఇది నిబంధమునకు చక్కని నిదర్శనము.

పద్యధారణకు ఛందస్సు చేయు సాహాయ్యము ఇంతకంటె గొప్పది. ఉత్పలమాలలో పాదమునకు 20 అక్షరములు, పదవ అక్షరము యతిస్థానము. చంపకమాలలో 21 అక్షరములు, పదునొకండవది యతి. మత్తేభమున 20 అక్షరములు, పదునాల్గవది యతి. నాలుగు పాదములందును రెండవ అక్షరము ప్రాస. కనుక ఒక పాదము గుర్తుకు వచ్చినంతనే మిగిలిన మూడింటి రెండవ అక్షరమును, యతివలన పాదమధ్యాక్షరమును కొంతవఱకు నిర్ణయమైపోవును. గణములు గురులఘువుల వరుసను శాసించును. వచనముగ నైనచో మఱచిపోవు 80 అక్షరములు వృత్తముగ నైనపుడు నిలుచుటకు కారణమిదే. శతావధానమున నూఱుగురు పృచ్ఛకులకు పద్యములు చెప్పి, వానిని క్రమముగ అప్పగించుట యనగా సుమారు 8,000 అక్షరములను నిలుపుట. ఛందస్సు అను కట్టు లేనిచో ఇది ఊహకందని పని.

19వ శతాబ్దమున మాడభూషి వేంకటాచార్యులు శతావధానిగా ప్రసిద్ధి కెక్కగా, తిరుపతి వేంకట కవులని పేరొందిన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950) గద్వాల, ఆత్మకూరు, పిఠాపురము మొదలైన సంస్థానములలో అవధానములు చేసి ఆ విద్యను ప్రజాసభలకు తెచ్చిరి. చెళ్ళపిళ్ళవారిని మద్రాసు ప్రభుత్వము 1949లో ఆస్థానకవిగ గౌరవించినది. కొప్పరపు సోదరకవులు ఆశుధారకు పేరుపడిరి. ప్రొద్దుటూరున సి.వి. సుబ్బన్న శతావధాని ఈ కళను సాధించుటయే గాక శాస్త్రీయముగ పరిశీలించెను. 20వ శతాబ్దపు చివరి దశాబ్దములలో మేడసాని మోహన్, మాడుగుల నాగఫణిశర్మ, గరికపాటి నరసింహారావు మొదలగువారు సహస్రావధానము వఱకు దానిని పెంచిరి.

ఇరుగుపొరుగు భాషలలోను ఇట్టి విద్యలు కలవు. కన్నడమున ఆర్. గణేశ్ శతావధానిగా సుప్రసిద్ధుడు. తమిళమున దీనిని అవదానమనియు, కవనకమనియు అందురు. నాగర్‌కోయిల్ కోట్టారునకు చెందిన సెయ్గు తంబి పావలర్ (1874–1950) ఇస్లాముమతస్థుడై యుండియు తమిళపురాణములందు దిట్టయై, 1907లో చెన్నపట్టణమున శతావధానము చేసెను. తమిళ ప్రదర్శనములలో వీపుపై పడు గులకరాళ్ళను, మ్రోగు గంటలను లెక్కించుట, కూడికలు, తీసివేతలు చేయుట మొదలైనవి ముఖ్యములు. అచ్చట కవిత్వముకంటె గణనకు పాలు ఎక్కువ. గుజరాతులో జైనకవి శ్రీమద్ రాజచంద్రుడు (1867–1901) యౌవనమున బొంబాయిలో శతావధానము చేసి, ఇరువది యేండ్ల ప్రాయమునకే ఆ ప్రదర్శనములను విడిచిపెట్టెను. 1891లో విదేశమునుండి తిరిగివచ్చిన గాంధీ తనకు తెలిసిన పరభాషాపదములనెల్ల ఏకరువు పెట్టగా, ఆయన వానిని అదే వరుసలో తిరిగి చెప్పెనని గాంధీ ఆత్మకథ వలన తెలియుచున్నది.

తిరుత్తణి, తిరువళ్ళూరు సీమ

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు అందులో చేరిన తిరుత్తణి, 1960 ఏప్రిల్ 1వ తేదీన సరిహద్దుల సవరణవలన మద్రాసు రాష్ట్రమునకు మాఱినది. తిరువళ్ళూరు నుండి ఊత్తుకోట పోవు దారిలోని పూండి వద్ద కొసస్థలి యేటికి 1944లో ఆనకట్ట కట్టి, ఆ జలాశయమునకు సత్యమూర్తి పేరు పెట్టిరి. 1996 నుండి తెలుగుగంగ కాలువద్వారా కృష్ణాజలములును అచ్చటికే చేరుచున్నవి. రెండు భాషలు ఒకే వీథిలో వినవచ్చు ఈ సీమలో ధారణకు మూడు ప్రత్యేకక్షేత్రములు కలవు.

మొదటిది సంగీతము. ముత్తుస్వామి దీక్షితులు తన తొలికృతిని తిరుత్తణి కొండపై సుబ్రహ్మణ్యస్వామి సన్నిధిని మాయామాళవగౌళరాగమున రచించెనని సంప్రదాయము. ఆ రాగనామమే ఒక స్మృతిసాధనము. కటపయాదిసంఖ్యాపద్ధతి ప్రకారము "మా" అనునది 5, "యా" అనునది 1. వెనుకనుండి చదివిన 15. డెబ్బదిరెండు మేళకర్తలలో దాని స్థానమదియే. మాళవగౌళ యను పూర్వనామమునకు "మాయా" యను రెండక్షరములు సంఖ్యాసూచకముగనే ముందు చేర్పబడినవి. సంఖ్య గుర్తుండుట కష్టము, పేరు గుర్తుండుట సులభము. కనుక సంఖ్యను పేరులో దాచిరి. సంగీతవిద్యార్థి మొట్టమొదట సరళీస్వరములను ఈ రాగమునందే, విలంబమున, మధ్యమమున, ద్రుతమున, మూడు కాలములలో సాధన చేయును.

రెండవది భారతోత్సవము. చిత్తూరు సీమయందును, దానిని ఆనుకొనియున్న తమిళనాటి గ్రామములందును ద్రౌపదీధర్మరాజుల ఆలయముల యొద్ద దినముల తరబడి పగలు హరికథయు, రాత్రి వీధినాటకమును జరుగును. అర్జున తపస్సు నాడు మ్రాను ఎక్కుటయు, కడపట దుర్యోధనవధయు అగ్నిగుండమును ఉండును. తెల్లవారుదాక ఆడు నటుని చేత వ్రాతప్రతి యుండదు. పద్యము, దరువు, వచనము ఒకదాని వెనుక నొకటి వచ్చును. తాళము మాఱినంతనే తరువాతి మాట నాలుకపైకి వచ్చును. అడుగు తప్పినచో మాటయు తప్పును. మాట, రాగము, అడుగు మూడును ఒకే త్రాట పేనబడుటవలన, చదువు అంతగా లేని రైతులుకూడ రాత్రంత నడచు భాగములను కంఠస్థము చేయగలుగుచున్నారు.

మూడవది తిరుత్తణి కొండమెట్లు. సంవత్సరమునందలి దినములకు సరిగా 365 మెట్లు కలవని ప్రసిద్ధి. డిసెంబరు 31 రాత్రి భక్తులు మెట్టు మెట్టునకు పూజ చేసి పాట పాడుచు ఎక్కుదురు. అది భక్తికార్యమే గాని స్మృతివ్యాయామము కాదు. అయినను ఒక్కొక్క స్థానమునకు ఒక్కొక్క పాటను చేర్చు ఆ క్రమము, ఇకముందు చెప్పబోవు గ్రీకుల పద్ధతికి ఎంతయో సన్నిహితముగ నున్నది.

వీధిబడి

ఇసుకలో అక్షరములు దిద్దుట, గట్టిగ చదువుట, ఒకడు చెప్పగా తక్కినవారు అందుకొనుట, సాయంకాలము ఎక్కములను మూకుమ్మడిగ అప్పగించుట వీధిబడి పద్ధతి. అమరకోశము, బాలరామాయణము వంటివి అర్థము తెలియకముందే కంఠోపాఠమగుచుండెను. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823లో విద్యాస్థితిపై వ్రాసిన నివేదికలో, పిల్లలు అర్థము తెలియని కావ్యభాషను వల్లెవేయుటను విమర్శించెను. ఆ విమర్శ సమంజసమే. అర్థముతో ముడిపడని మాట జ్ఞాపకమున నిలిచినను అవసరమునకు అక్కఱకు రాదు. కాని నాటి బడిలో మఱువరాని గుణమొకటి యుండెను. ప్రతిదినము ప్రతి బాలుడును పుస్తకము చూడక అప్పగింపవలెను. తరువాతి కాలపు పాఠశాలలు వల్లెవేయుటను కొంతవఱకు నిలుపుకొని, అప్పగింతను పరీక్షాదినమువఱకు వాయిదా వేసినవి. ఇందు నష్టమెంతయో క్రింద చెప్పబడిన ప్రయోగములు నిరూపించినవి.

పాశ్చాత్య పద్ధతులు, పరిశోధనలు

గ్రీకుకవి సైమనిడీస్ ఒక విందునుండి బయటికి రాగా, వెనుక పైకప్పు కూలి అతిథులు గుర్తింపరానంతగ నలిగిపోయిరనియు, ఎవరెచ్చట కూర్చుండిరో తలచుకొని అతడు వారిని గుర్తించెననియు రోమనువక్త సిసిరో చెప్పెను. ఈ కథనుండి స్థానపద్ధతి పుట్టినది: పరిచితమైన మార్గమునందలి తావులలో ఒక్కొక్కచోట ఒక్కొక్క విషయమును చిత్రరూపమున ఉంచి, మనస్సులో ఆ మార్గమున మఱల నడచుట.

1885లో జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థములేని అక్షరసమూహములను తానే నేర్చి, తానే పరీక్షించుకొని, మఱపును మొదటిసారి కొలిచెను. మఱల నేర్చునపుడు ఎంత శ్రమ ఆదా యగునో లెక్కింపగా, 20 నిమిషముల తరువాత సుమారు 58 శాతము, ఒక దినము తరువాత 34 శాతము, 31 దినముల తరువాత 21 శాతము మిగిలినట్లు తేలినది. మఱపు మొదట వేగముగను, పిదప మెల్లగను సాగుననియు, ఒకేనాడు పెక్కుసార్లు చదువుటకంటె దినములపై పంచి చదువుట మేలనియు ఆయన చూపెను. 2006లో రోడిగర్, కార్పికీ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు విద్యార్థులలో కొందఱిచే పాఠమును మఱల మఱల చదివించి, మఱికొందఱిచే చూడకుండ వ్రాయించిరి. అయిదు నిమిషములకు పెట్టిన పరీక్షలో చదివినవారు ముందుండిరి; వారము తరువాత పెట్టిన పరీక్షలో చూడక వ్రాసినవారే ముందంజ వేసిరి. వీధిబడి అప్పగింతకు ఇది ఆధునిక సమర్థనము.

2017లో ప్రకటితమైన మఱియొక ప్రయోగమున, ఇంతకుముందు ఏ శిక్షణయు లేని యువకులు ఆఱు వారములపాటు దినమునకు అరగంట స్థానపద్ధతిని సాధన చేసి, 72 మాటల పట్టికలో మొదట సుమారు 26 చెప్పగలిగినవారు తుదకు 62 వఱకు చెప్పగలిగిరి. నాలుగు మాసముల తరువాతను ఆ ఫలము చాలవఱకు నిలిచెను. వెల్లూరు వి.ఐ.టి. విశ్వవిద్యాలయమున, 2015 మార్చి 21న రాజ్‌వీర్ మీనా కన్నులకు గంత కట్టుకొని 'పై' సంఖ్య దశాంశస్థానములను 70,000 వఱకు దాదాపు పది గంటలు అప్పగించి గిన్నిస్ గ్రంథమున చోటు సంపాదించెను.

సాధన ఫలము, దాని హద్దు

ఇట్టివారి స్మృతి సర్వవిషయములందును అసామాన్యమా యనునది ముఖ్యప్రశ్న. 1980లో వెలువడిన పరిశోధనలో, పిట్స్‌బర్గునకు చెందిన ఒక సామాన్యవిద్యార్థి 230 గంటలకు పైగ సాధన చేసి, ఒకమాఱు వినిన 79 అంకెలను వరుసగ చెప్పగలిగెను. అతడు పరుగుపందెగాడు, అంకెలను పరుగు సమయములుగ భావించి ముడివేసెను. కాని అంకెలకు మాఱుగా అక్షరములు చెప్పినపుడు అతడు ఆఱింటికే ఆగిపోయెను. 1981లో మంగుళూరున 'పై' సంఖ్యలో 31,811 స్థానములు చెప్పిన రాజన్ మహాదేవన్‌ను అమెరికాలో పరీక్షింపగా, బొమ్మలను, స్థానములను గుర్తుంచుకొనుటలో ఆయన సామాన్యులకు సాటిగనే ఉండెను. చదరంగమున దిట్టలు నిజమైన ఆటలోని స్థితిని ఒక్క చూపున గుర్తుంచుకొందురు. కాయలను అడ్డదిడ్డముగ పేర్చినచో వారి ఆధిక్యము చాలవఱకు పోవును.

లండనులో టాక్సీ లైసెన్సుకై సుమారు 25,000 వీథులను నేర్చినవారి మెదడును 2011లో పరిశీలించిరి. శిక్షణలో చేరిన 79 మందిలో ఉత్తీర్ణులైన 39 మందికి హిప్పోక్యాంపస్ వెనుకభాగము పెరిగినది; ఉత్తీర్ణులు కానివారికి పెరుగలేదు. అయితే ఆ ఉత్తీర్ణులే క్లిష్టమైన క్రొత్త బొమ్మను గుర్తుంచుకొను పరీక్షలో ఇతరులకంటె కొంత వెనుకబడిరి.

పూండి జలాశయము నిండినపుడు పట్టునది 3,231 మిలియను ఘనపుటడుగులు మాత్రమే. అది చెన్నపట్టణమునకు ఆధారమగుట దాని వైశాల్యమువలన గాక, ఎగువనుండి నీరు చేర్చు కాలువవలనను, చెంబరంబాక్కమునకు, పుళలేరికి నీరు తీసికొనిపోవు కాలువలవలనను. ధారణాభ్యాసమును అట్లే కాలువలు త్రవ్వుటగ గ్రహింపవలెను. త్రవ్విన దిక్కునకే నీరు పాఱును. అవధానికి పద్యములు, ఘనపాఠికి మంత్రములు నిలుచును గాని, ఆ సాధనచేతనే గొడుగు ఎచ్చట పెట్టితినో గుర్తుకు రాదు. బుద్ధివ్యాయామములను పేర అమ్మబడు కంప్యూటరు ఆటలకును ఈ హద్దు వర్తించును. 2010లో బ్రిటనులో 11,430 మంది ఆఱు వారములు ఇట్టి ఆటలాడగా, ఆడిన ఆటలలో నేర్పు పెరిగినది గాని తక్కిన మానసికకార్యములకు అది సంక్రమింపలేదు. లుమాసిటీ యను సంస్థ తన ఆటల ఫలమునుగూర్చి తగిన ఆధారము లేక ప్రకటనలు చేసినదను అభియోగమునకు 2016లో అమెరికా వాణిజ్యసంఘమునకు 20 లక్షల డాలర్లు చెల్లింప నంగీకరించినది.

అభ్యాసక్రమము

కనుక సాధకుడు మొదట, తనకు గుర్తుండవలసినదేదో నిర్ణయించుకొనవలెను. పాఠమైనచో అర్థము తెలిసికొని, శీర్షికలుగ విడదీసి, పుస్తకము మూసి వ్రాయవలెను. తప్పిపోయినవానిని మాత్రము తెఱచి చూడవలెను. మఱునాడు, మూడవనాడు, వారము తరువాత, మాసము తరువాత ఇదే విధముగ చేసినచో ఆవృత్తుల నడిమి వ్యవధి క్రమముగ పెరుగును. మఱపు ఆరంభమైన పిదప కొంత శ్రమపడి జ్ఞప్తికి దెచ్చుకొనుటయే జ్ఞాపకమును బలపఱచును గనుక, ఆ శ్రమను చూచి నిరుత్సాహపడరాదు. రాత్రి చదివి నిద్రపోవుట మంచిది. నిద్ర మానుకొని చదువుట నష్టము, ఏలయన నేర్చినది స్థిరపడుటకు నిద్ర తోడ్పడును.

వరుసగ చెప్పవలసిన పట్టికకు స్థానపద్ధతి అనుకూలము. ఈ సీమవారికి రైలుదారి సిద్ధముగ నున్నది: తిరువళ్ళూరు, ఏగట్టూరు, కడంబత్తూరు, సెంజి పనంబాక్కం, మణవూరు, తిరువాలంగాడు, మోసూరు, పుళియమంగళం, అరక్కోణం, తిరుత్తణి. దినదినము ఆ బండిలో పోవువారికి ఈ పది పేర్లును నోటికి వచ్చును. అంగడికి పోవునపుడు బెల్లము, కొబ్బరికాయలు, పసుపు తేవలసియున్నచో, తిరువళ్ళూరు ప్లాట్‌ఫారము బల్లపై చీమలు పట్టిన బెల్లపుదిమ్మను, ఏగట్టూరున పట్టాలపై దొర్లు కొబ్బరికాయలను, కడంబత్తూరున పసుపు పూసిన స్టేషను గోడను ఊహించుకొనవలెను. చిత్రము ఎంత వింతగ నున్న అంత మేలు. సంఖ్యలకు కటపయాదిని, నియమములకు పద్యమును, పనులకు చేతి అలవాటును వాడుకొనవలెను. వినునపుడు చేతిలోని ఫోనును ప్రక్కన పెట్టుట ప్రణిధానమునకు నేటి కాలమున మొదటి నియమము.

వార్ధక్యమున ధారణ

వయస్సు పెరిగినకొలది పేర్లు తడుముకొనుట, క్రొత్త విషయము నిలుచుటకు కొంత ఆలస్యమగుట సహజము. అమెరికాలో 65 నుండి 94 ఏండ్ల నడుమ వయస్సు గల 2,832 మందిపై జరిగిన పరీక్షలో, కొందఱికి స్మృతియందును, కొందఱికి తర్కమునందును, కొందఱికి చురుకుగ గ్రహించుటయందును పదేసి పాఠములు చెప్పిరి. ఎవరికి నేర్పినది వారికే వృద్ధిపొందినది. పది సంవత్సరముల తరువాత తర్కము, చురుకుదనము నేర్చినవారిలో ఆ ఫలము కొంత నిలిచినది గాని, స్మృతిపాఠముల ఫలము నిలువలేదు. దీనివలన వృద్ధులకు అభ్యాసము నిరర్థకమని తలపరాదు. కొద్దికాలము చేసి మానిన అభ్యాసము చిరకాలము నిలువదని మాత్రము గ్రహింపవలెను. తెల్లవారుజామున స్తోత్రములు చదువుకొను వృద్ధురాలికి అవి తప్పక నోటికి వచ్చుట, ఆమె వానిని ఏనాడును విడువకుండుటచేతనే. ఇంటి దారి తప్పుట, చేసిన వంటను మఱచి మఱల పొయ్యి వెలిగించుట, దగ్గఱివారిని గుర్తింపకుండుట వంటివి కానవచ్చినపుడు మాత్రము అది సాధనతో చక్కబడు విషయము కాదు. వెంటనే వైద్యుని సంప్రదింపవలెను.